పాడ్‌కాస్ట్ వినడం ఎలా మొదలుపెట్టాలి: ముందు సమయం, తర్వాతే షో

పాడ్‌కాస్ట్‌లు వినాలని సరదా పుట్టినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఏది వినమంటారు?" అడగ్గానే ఎవరో ఒకరు పది పేర్లు చెప్తారు. ఆ పదీ ఫోన్‌లోకి చేరతాయి. ఆ తర్వాత ఒక్కటీ సాంతం విన్న పాపాన పోరు. తప్పు ఆ పేర్లది కాదు. ఎప్పుడు వింటామో తేలకుండానే ఏం వినాలో తేల్చుకోబోతే వచ్చే చిక్కు ఇది. అందుకే ఇక్కడ వరుస మార్చి చెప్తున్నాను. ముందు మీ రోజులో చోటు చూసుకోండి, తర్వాత యాప్, ఆ తర్వాతే షో.

అసలు ఇదేమిటి

పాడ్‌కాస్ట్ అంటే విడతలు విడతలుగా వచ్చే ఆడియో కార్యక్రమం. మొత్తం కార్యక్రమాన్ని షో అంటారు, ఒక్కో విడతను ఎపిసోడ్ అంటారు. రేడియోలో అయితే వాళ్లు ప్రసారం చేసే టైముకు మీరు రేడియో దగ్గర ఉండాలి. ఇక్కడ ఆ బాధ లేదు. నిన్నటిదీ వినొచ్చు, మూడేళ్ల కిందటిదీ వినొచ్చు, సగంలో ఆపి రేపు అక్కణ్నుంచే అందుకోవచ్చు. ఈమధ్య వీడియో పాడ్‌కాస్ట్‌లూ బాగా వస్తున్నాయి గానీ, స్క్రీన్ వైపు చూడక్కర్లేకపోవడమే దీని అసలు సుఖం కాబట్టి, కొత్తలో వాటి జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

దీని వెనకున్న ఏర్పాటు గురించి కాస్త ఓపిగ్గా చదవండి, తర్వాత వచ్చే సగం అనుమానాలు వాటంతటవే తీరిపోతాయి. షో చేసేవాళ్లు ఆడియో ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఒకచోట పెట్టి, వాటి జాబితా ఒకటి నడుపుతుంటారు. ఆ జాబితాను ఫీడ్ అంటారు, పూర్తిగా చెప్పాలంటే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. మీ యాప్ ఆ జాబితాను అప్పుడప్పుడూ తొంగిచూసి, కొత్త ఎపిసోడ్ కనబడితే మీ ముందు పెడుతుంది. ఇంతే సంగతి. ఫీడ్‌కు ఆడియో ఫైలును జతచేసే పద్ధతి 2000 చివర్లో డేవ్ వైనర్ అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్ నిపుణుడి చేతుల మీదుగా వచ్చింది. పాడ్‌కాస్టింగ్ అనే మాట 2004లో బెన్ హామర్స్‌లీ గార్డియన్ పత్రికలో రాసిన వ్యాసంలో కనిపించింది. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌లకు చోటివ్వడంతో సామాన్య శ్రోతలకు అందుబాటులోకి వచ్చింది.

దీనివల్ల మీకు ఒరిగేదేమిటంటే, చాలా షోలు ఏ ఒక్క యాప్ సొత్తూ కావు. ఫీడ్ బహిరంగంగా ఉంటుంది కాబట్టి ఏ యాప్‌లో వెతికినా అదే షో దొరుకుతుంది, అదీ ఉచితంగా. కొన్ని షోలు మాత్రం ఒక్క కంపెనీ యాప్‌లోనే దొరుకుతాయి. అలాంటివి తక్కువ.

మొదటి పని: ఖాళీ చెవులు ఎప్పుడున్నాయో చూసుకోండి

పాడ్‌కాస్ట్ వినడానికి ప్రత్యేకంగా కూర్చోవాలనుకుంటే ఆ అలవాటు నిలబడదు. ఊరికే కూర్చుని వింటుంటే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది, మెసేజ్‌లు తెరుస్తుంది, చెవిలో మాట్లాడే మనిషి గాలికి పోతాడు. చేతులకు పని ఉండి చెవులకు పని లేని సమయం కావాలి.

మీ మామూలు రోజును ఒకసారి తలచుకోండి. నడక, బస్సు ప్రయాణం, గిన్నెలు తోమడం, బట్టలు ఇస్త్రీ చేయడం, అలమర సర్దుకోవడం. వీటిలో నడకకు సాటి వచ్చేది లేదు. కాళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి, బుర్ర మొత్తం వినేదాని మీదే ఉంటుంది. ఇస్త్రీ కూడా బాగానే కుదురుతుంది, కాకపోతే ఒక్కసారి గమనించి చూడండి: దుప్పట్లు, తువ్వాళ్లు చేస్తున్నంతసేపూ ప్రతి మాటా చెవికెక్కుతుంది. చొక్కా కాలర్ దగ్గరికి, ప్లీట్లున్న బట్ట దగ్గరికి రాగానే రెండు మూడు వాక్యాలు జారిపోతాయి. చేతి పని బుర్రను అడగడం మొదలుపెట్టిన క్షణంలోనే వినికిడి ఆగిపోతుందన్నమాట.

అందుకే మెయిల్ రాస్తూ, లెక్కలు చూస్తూ, ఏదైనా చదువుకుంటూ పాడ్‌కాస్ట్ పెట్టుకోకండి. పాటలైతే వెనకాల నడుస్తూ ఉంటాయి. మాటలు అలా కాదు, మీరు రాసే మాటలూ చెవిలో పడే మాటలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. రెండూ చెడతాయి. మిక్సీలాంటి గోల చేసే యంత్రాల పక్కన కూడా వద్దు, ఆ చప్పుడును దాటడానికి సౌండ్ పెంచుతూ పోతారు.

సమయం దొరికాక అది ఎంతసేపో చూసుకోండి. ఇరవై నిమిషాల నడకైతే ఇరవై, పాతిక నిమిషాల ఎపిసోడ్ వెతుక్కోండి. ఎక్కడ ఆపారో యాప్ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి గంట ఎపిసోడ్‌ను మూడు ముక్కలుగానూ వినొచ్చు. కానీ కొత్తలో ఒక ఎపిసోడ్ మొదలుపెట్టి అదే విడతలో ముగించిన తృప్తి వేరు. అదే రేపు మళ్లీ వినేలా చేస్తుంది.

రెండో పని: యాప్. దీని మీద బుర్ర పాడుచేసుకోవద్దు

ఐఫోన్ ఉంటే ఆపిల్ పాడ్‌కాస్ట్స్ యాప్ ముందే ఉంటుంది, దానితోనే మొదలెట్టండి. ఆండ్రాయిడ్‌లో ఇప్పటికే స్పాటిఫై గానీ యూట్యూబ్ మ్యూజిక్ గానీ వాడుతుంటే వాటిలోనూ పాడ్‌కాస్ట్‌లు ఉంటాయి. ఇంకో యాప్ ఎందుకులే అనుకుంటే అవి చాలు.

అయినా నన్నడిగితే పాడ్‌కాస్ట్‌లకే పుట్టిన యాప్ ఒకటి వేసుకోమంటాను. పాటల యాప్‌లో ఎపిసోడ్ అయిపోగానే ఏదో పాట అందుకోవచ్చు, లేదా మీరు అడగని షో ఇంకోటి మొదలవుతుంది. విడి యాప్‌లో మీరు పెట్టిన వరుసే నడుస్తుంది. ఆండ్రాయిడ్‌కు యాంటెన్నాపాడ్ ఉంది. ఓపెన్ సోర్స్ (అంటే దాని ప్రోగ్రామ్‌ను ఎవరైనా చూడొచ్చు), ఉచితం, ప్రకటనలు ఉండవు, అకౌంట్ కూడా అడగదు. పాకెట్ కాస్ట్స్ రెండు రకాల ఫోన్లలోనూ పనిచేస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఐఫోన్‌లో ఓవర్‌కాస్ట్‌కు మంచి పేరుంది.

ఇవాళ ఎంచుకున్న యాప్ రేపు మూతపడితే? పడ్డాయి కూడా. గూగుల్ పాడ్‌కాస్ట్స్ అనే యాప్ 2018లో వచ్చి 2024లో పోయింది. యాప్ పోయినా షోలు ఎక్కడికీ పోలేదు, వినేవాళ్లు తమ జాబితాను ఇంకో యాప్‌లోకి తీసుకెళ్లారు. ఫీడ్ ఏర్పాటు ముందే చెప్పింది ఇందుకే. యాప్ మార్చడం ఎలాగో చివర్లో చెప్తాను.

మూడో పని: షో కాదు, ఒక్క ఎపిసోడ్ ఎంచుకోండి

వెతికే చోట షో పేరు కాకుండా మీకు ఇష్టమైన విషయం కొట్టండి. చరిత్ర, క్రికెట్, తోటపని, డబ్బు పొదుపు, అంతరిక్షం, ఏదైనా సరే. తెలుగు షోలు కావాలంటే ఒకసారి తెలుగు లిపిలో, ఇంకోసారి అదే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి చూడండి. చాలామంది తెలుగులో మాట్లాడుతూ పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెడతారు, ఒక్క లిపిలో వెతికితే సగం కనబడవు.

దొరికినవాటిలో మూడు చూడండి: చివరి ఎపిసోడ్ ఎప్పుడొచ్చింది, నిడివి ఎంత, కింద రాసిన వివరంలో విషయం ఉందా లేక ఊదరగొట్టుడేనా. రేటింగ్‌లూ పొగడ్తలూ నేనైతే పట్టించుకోను.

షోలు ఎన్ని రకాలో కాస్త తెలిసుంటే ఎంపిక తేలికవుతుంది. ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడుకునేవి ఎక్కువ. ఒక్కరే విషయం వివరించేవి కొన్ని. రోజూ వార్తలు చెప్పేవి కొన్ని, న్యూయార్క్ టైమ్స్ వారి ద డైలీ ఆ కోవలోదే, 2017 నుంచి వస్తోంది. గొంతులు, చప్పుళ్లు, ఇంటర్వ్యూ ముక్కలు కలిపి కథలా అల్లేవి ఇంకొన్ని. నాటకాల్లాంటి కల్పిత కథలూ ఉన్నాయి.

వీటికన్నా ముఖ్యంగా చూసుకోవాల్సింది వరుస. కొన్ని షోలు సీరియల్‌లా నడుస్తాయి, మధ్యలోంచి వింటే తలా తోకా తెలియదు. 2014లో వచ్చిన సీరియల్ అనే షోనే చూడండి. మొదటి సీజన్ మొత్తం ఒకే హత్య కేసు, 12 ఎపిసోడ్లు. మొదటి ఎపిసోడ్ నుంచి వింటేనే అర్థమవుతుంది. పాడ్‌కాస్ట్ పేరు కూడా ఎరగని ఎంతోమందిని ఆ షో అటు లాగింది. ఇక బీబీసీ వారి ఇన్ అవర్ టైమ్ దీనికి పూర్తిగా వేరు. 1998లో రేడియో కార్యక్రమంగా మొదలైంది, ఎపిసోడ్‌కొక విషయం, దాని గురించి మాట్లాడే పండితులు ముగ్గురు, ముప్పావు గంట పైచిలుకు. ఎక్కణ్నుంచైనా వినొచ్చు. కొత్తవాళ్లు ఈ రెండో రకంతోనే మొదలెట్టడం మంచిది. నచ్చకపోతే సీరియల్‌ను మధ్యలో వదిలేశామన్న వెలితి ఉండదు.

ఇక ఎంపిక దగ్గర నేను పాటించే పద్ధతి ఒకటి చెప్తాను. విడివిడి ఎపిసోడ్ల షో అయితే దాని మొట్టమొదటి ఎపిసోడ్ జోలికి పోను. అప్పటికి వాళ్లింకా నేర్చుకుంటూ ఉంటారు, మైకు సరిగ్గా ఉండదు, మాట కుదురుకోదు. ఇటీవలివాటిలో నాకు బాగా తెలిసిన విషయం మీద ఉన్న ఎపిసోడ్ తీస్తాను. తెలియనిది నేర్చుకోవాలి గదా, తెలిసిందెందుకంటారా? తెలిసిన విషయమైతే హోస్ట్, అంటే షో నడిపే మనిషి, ఎంత కసరత్తు చేసి వచ్చాడో పది నిమిషాల్లో బయటపడుతుంది. అక్కడ తప్పులు దొర్లితే, నాకు తెలియని విషయాల్లో ఆ మనిషిని ఎలా నమ్మను?

ఆ పది నిమిషాలు గడిచాక కూడా అసలు విషయం మొదలు కాలేదా? ఇంకా నవ్వులూ, పలకరింపులూ, సొంత గోలా నడుస్తోందా? మొహమాటం లేకుండా ఆపేయండి. గొంతు నచ్చకపోయినా ఆపేయండి. చెవిలో గంటలతరబడి ఉండబోయే గొంతు అది, నచ్చకపోవడానికి కారణం కూడా వెతుక్కోనక్కర్లేదు.

నాలుగో పని: నొక్కి వినడం

షో పేరు మీద నొక్కితే దాని పేజీ తెరుచుకుంటుంది. పైన బొమ్మ, పక్కనో కిందో ఫాలో లేదా సబ్‌స్క్రైబ్ అనే బటన్, ఆ కింద ఎపిసోడ్ల వరుస. ఒక్కో ఎపిసోడ్ పక్కన త్రికోణం గుర్తు, కిందికి చూసే బాణం గుర్తు, మూడు చుక్కలు లాంటివి ఉంటాయి. త్రికోణం నొక్కితే వెంటనే మొదలవుతుంది. బాణం నొక్కితే ఫోన్‌లోకి దిగుతుంది. మూడు చుక్కల వెనక మిగతా సరంజామా ఉంటుంది.

సబ్‌స్క్రైబ్ అనగానే డబ్బు కట్టాలేమోనని చాలామందికి టెన్షన్. మామూలు షోకు అక్కర్లేదు. కొత్త ఎపిసోడ్ వస్తే చూపించమని యాప్‌కు చెప్పడమే అది. ఆపిల్ కూడా 2021లో ఆ మాట తీసేసి ఫాలో అని పెట్టింది. డబ్బు కట్టాల్సినవి ఉంటే ధర చూపించి మరీ అడుగుతాయి. అయినా చూసిన వెంటనే ఫాలో కొట్టకండి. ఒకటి రెండు ఎపిసోడ్లు విని, మూడోది వినాలనిపిస్తే అప్పుడు కొట్టండి.

బయటికి వెళ్లేముందు డౌన్‌లోడ్ చేసుకోవడం మంచి అలవాటు. సిగ్నల్ పోయిన చోట సరిగ్గా ఆసక్తికరమైన మాట దగ్గర ఆగిపోతే చిరాకు. డేటా ఎంత అవుతుందంటే, 128 కేబీపీఎస్‌లో (అంటే సెకనుకు 128 కిలోబిట్లు) ఉన్న ఆడియో నిమిషానికి దాదాపు 1 ఎంబీ. అంటే గంటకు 58 ఎంబీ లోపే. 64లో పెట్టే షోలకు అందులో సగం. వీడియోతో చూస్తే ఇదొక లెక్కలోది కాదు. అయినా సెట్టింగ్స్‌లో రెండు చోట్ల టిక్ పెట్టుకోండి: డౌన్‌లోడ్‌లు వైఫైలోనే జరగాలి, విన్న ఎపిసోడ్ దానంతటదే చెరిగిపోవాలి. ఈ రెండోది మరిచిపోతే కొన్నాళ్లకు ఫోన్ నిండిపోయిందని గోల మొదలవుతుంది.

వింటూ ఉండగా

తెర మీద ఆగు బటన్‌కు అటూ ఇటూ వంపు బాణాలు ఉంటాయి. వెనక్కి 10 లేదా 15 సెకన్లు, ముందుకు 30 సెకన్లు అనేది ఎక్కువ యాప్‌లలో కనిపించే ఏర్పాటు, కావాలంటే మార్చుకోవచ్చు. వెనక్కి వెళ్లే బటన్‌తో మీకు ఎక్కువ పని పడుతుంది. మనసు ఎటో పోతుంది, తిరిగొచ్చేసరికి వాళ్లు వేరే సంగతిలో ఉంటారు. అది అందరికీ జరిగేదే. ఒక పేరో కీలకమైన మలుపో జారిపోతే వెనక్కి వెళ్లండి. ప్రతి జారిన వాక్యం కోసం వెళ్లకండి. పరీక్ష ఎవరూ పెట్టరు.

ముందుకు వెళ్లే బటన్ ప్రకటనల కోసం. చాలా షోల్లో హోస్టే తన గొంతుతో ప్రకటన చదువుతాడు, అది ఎక్కడ మొదలైందో తెలియదు. సంగీతమో ఓ క్షణం విరామమో ఆనవాలు. ఇంకో రకం ప్రకటనలు ఎపిసోడ్ డౌన్‌లోడ్ అయ్యేటప్పుడే అప్పటికప్పుడు చేరతాయి. అందుకే అదే ఎపిసోడ్ నిడివి మీ ఫోన్‌లో ఒకలా, మీ స్నేహితుడి ఫోన్‌లో కాస్త వేరేలా ఉండొచ్చు. పన్నెండో నిమిషంలో విను అని ఆయన చెప్పిన ముక్క మీకు పదమూడులో దొరికితే కారణం ఇదే.

వేగం గురించి. యాప్‌లన్నీ 1.5 రెట్లు, 2 రెట్లు వేగంగా వినిపించగలవు. రెండు రెట్లలో వినే మొనగాళ్లున్నారు, వాళ్ల ఓపికకు దండం. కొత్తలో మామూలు వేగమే ఉంచండి. తర్వాత 1.2కు పెంచితే తేడా కూడా తెలియదు. రెండుకు చేరేసరికి మాట అర్థమవుతుంది గానీ మనిషి పోతాడు: ప్రశ్న విన్నాక జవాబు చెప్పేముందు తీసుకున్న ఊపిరి, తడబాటు, నవ్వు, అన్నీ నలిగిపోతాయి. వార్తలకు ఫరవాలేదు. జీవితం గురించి చెప్పుకొచ్చే ఇంటర్వ్యూకు అది అన్యాయం.

పడుకునే ముందు వినేవాళ్లు స్లీప్ టైమర్ పెట్టుకోండి. చంద్రవంక గుర్తుతో ఉంటుంది చాలాచోట్ల. లేకపోతే మీరు నిద్రపోయాక ఒకదాని వెనక ఒకటి నడుస్తూనే ఉంటాయి, తెల్లారి చూస్తే అన్నీ విన్నట్టే చూపిస్తుంది.

రోడ్డు మీద నడిచేటప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచండి. వాహనం నడిపేవాళ్లు బండి కదలకముందే ఎపిసోడ్ పెట్టేసుకోవాలి, మధ్యలో ఫోన్ ముట్టుకోకూడదు. సౌండ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. డెసిబెల్స్ కొలిచే సాధనం అందరి దగ్గరా ఉండదు గనక, పక్కవాళ్లు మామూలుగా పిలిస్తే వినిపించేంత ఉంటే చాలనుకోండి.

పేరుకుపోతే ఏం చేయాలి

రోజువారీ షోలు రెండు ఫాలో చేసి వారం పట్టించుకోకపోతే పద్నాలుగు ఎపిసోడ్లు ఎదురుచూస్తుంటాయి. వాటిని చూడగానే బాకీ పడ్డట్టు అనిపిస్తుంది. ఏమీ బాకీ లేరు. అన్నిటినీ విన్నట్టు గుర్తుపెట్టేసే ఆప్షన్ యాప్‌లో ఉంటుంది, నొక్కి పారేయండి. పాత వార్తలు ఎలాగూ వినబుద్ధి కాదు.

ఫాలో చేసేవి మొదట్లో మూడు నాలుగు దాటనివ్వకండి. నిడివి కూడా చూసుకోండి. డాన్ కార్లిన్ చేసే హార్డ్‌కోర్ హిస్టరీలో కొన్ని ఎపిసోడ్లు నాలుగు గంటలు దాటతాయి. అవి అద్భుతంగా ఉంటాయి, అయితే అలాంటిది ఒక్కటి ఉంటే మీ వారమంతా దానికే సరి.

కొత్త షోల కోసం యాప్ చూపించే టాప్ జాబితాల కంటే మంచి దారి ఒకటుంది. ఏదైనా ఎపిసోడ్‌లో గెస్ట్ బాగా మాట్లాడితే ఆ మనిషి పేరు యాప్‌లో వెతకండి. ఆయనో ఆవిడో ఇంకే షోలకు వెళ్లారో బయటికొస్తాయి. మంచి గెస్ట్‌ను పిలిచి మంచి ప్రశ్నలు అడిగే హోస్టులు అలాగే దొరుకుతారు.

వచ్చే చిన్న చిక్కులు

ఆండ్రాయిడ్‌లో కొత్త ఎపిసోడ్లు వాటంతటవి డౌన్‌లోడ్ కావడం లేదంటే ఎక్కువసార్లు కారణం బ్యాటరీ ఆదా సెట్టింగే. ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ దగ్గరికి వెళ్లి బ్యాటరీ పరిమితి తీసేయండి.

ఎవరో చెప్పిన షో వెతికినా దొరకకపోతే ఆ షో వెబ్‌సైట్‌లో ఆర్‌ఎస్‌ఎస్ అనే లింకు ఉందేమో చూసి, కాపీ చేసి, యాప్‌లో ఫీడ్ అడ్రస్ చేర్చే చోట పెట్టండి. డబ్బు కట్టి ప్రకటనలు లేకుండా వినే షోలు కూడా కొన్ని ఇలాంటి అడ్రసే ఇస్తాయి. అది మీ ఒక్కరి పేరున తయారైన అడ్రస్, గ్రూపుల్లో పంచకండి.

యాప్ మార్చాలనుకుంటే పాత యాప్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ లేదా ఓపీఎంఎల్ అనే మాట వెతకండి. మీరు ఫాలో అయ్యే షోలన్నిటి జాబితా ఒక చిన్న ఫైలుగా వస్తుంది. కొత్త యాప్‌లో ఇంపోర్ట్ నొక్కి ఆ ఫైలు చూపిస్తే షోలన్నీ వచ్చి కూర్చుంటాయి. ఈ సదుపాయం పాడ్‌కాస్ట్‌లకే పుట్టిన యాప్‌లలో మామూలే, పాటల యాప్‌లలో ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. ఆ ఫైలులో షోల పేర్లూ ఫీడ్‌లే ఉంటాయి, ఏ ఎపిసోడ్‌లో ఎక్కడ ఆపారన్నది ఉండదు. కాబట్టి సగంలో ఉన్న ఎపిసోడ్ ఏదైనా ఉంటే ముందు అది వినేసి అప్పుడు మారండి.